క్రూజ్ షిప్పు ఎక్కినప్పుడే వేసుకునే బట్టలు: ఏది షిప్పు అడిగేది, ఏది ఫోటో అడిగేది

నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు దిక్కు చాలా ఇండ్లల్ల పిల్లలు అమెరికాలనో దుబాయ్‌లనో సింగపూర్‌లనో ఉంటున్నరు, అమ్మానాయనలు విజిటర్ వీసా మీద పోయినప్పుడు వాళ్లను అలాస్కాకో బహామాస్‌కో క్రూజ్‌కు, అంటే షిప్పుల ఉండుకుంట ఊర్లు తిరిగే హాలిడేకు, తీస్కపోవుడు ఇప్పుడు మామూలైంది. అంత దూరం పోనోళ్లు ముంబై నుంచో చెన్నై నుంచో కార్డీలియా కంపెనీ క్రూజ్ షిప్పు ఎక్కుతున్నరు, 2022ల ఆ షిప్పు వైజాగ్ కూడా వచ్చింది కదా, అప్పటిసంది మన దిక్కు ఆసక్తి ఇంకా పెరిగింది. టికెట్ బుక్కయినంక పిల్లల కాడికెళ్లి ఫోన్ల ఒక లిస్ట్ వస్తది. ఫార్మల్ నైట్‌కు డ్రెస్, వైట్ పార్టీకి తెల్ల బట్టలు, కార్డు తగిలించుకుని మెడల వేసుకునే తాడు, అంటే లాన్‌యార్డ్, షిప్పు ఊగుడుకు వాంతులు రాకుండ చేతికి సీ బ్యాండ్, తాడున్న టోపీ, జారని చెప్పులు, అందరికి ఒకటే రంగు టీషర్ట్. లిస్ట్ చూసి మా చిన్నమ్మ నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "బిడ్డా, నేను గౌను తొడగాల్నా ఏంది?" అని. ఆమెకు చెప్పిన జవాబే ఇక్కడ వివరంగ రాస్తున్న, ఎందుకంటే ఈ భయం ఒక్క ఆమెది కాదు, ఈ భయంతోని హైదరాబాద్ పోయి వేలకు వేలు పోసి మళ్ల ఎన్నడూ వేసుకోని బట్టలు కొనుక్కుంటున్నోళ్లను చూస్తున్న.

ఈ ఐటమ్స్ అన్నీ ఒకటే తీరు కావు. కొన్నింటిని షిప్పే అడుగుతది, అంటే గాలి, ఊగుడు, ఇనుప గోడలు, నిప్పు భయం వల్ల వచ్చినయి. కొన్నింటిని కంపెనీ రూలో, దిగిన దేశం చట్టమో అడుగుతది. మిగిలినయి ఫోటో అడిగేవి. షిప్పు అడిగేది కొనాలె, చట్టం అడిగేది ముందే తెలుసుకోవాలె, ఫోటో అడిగేది మాత్రం మన బీరువాల ఆల్రెడీ ఉన్నది, దానికి ఒక్క రూపాయి పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

ఫార్మల్ నైట్ ముచ్చట ముందు తేలుద్దాం, భయమంతా దాని కాడనే ఉన్నది. ఏడు రాత్రుల క్రూజ్ అయితే మామూలుగ రెండు సాయంత్రాలు, మూడు నాలుగు రాత్రులదైతే ఒకటి, మెయిన్ డైనింగ్ రూమ్‌కు నీటుగ తయారై రమ్మంటరు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, విమానాలు లేని కాలంల యూరప్ నుంచి అమెరికా పోవాల్నంటే షిప్పే దిక్కు, దాంట్ల ఫస్ట్ క్లాస్ వాళ్లు పొద్దున ఒక డ్రెస్, డెక్ (షిప్పు మీది ఆరుబయలు అంతస్తు) మీద తిరగనీకి ఇంకొకటి, చాయ్ టైమ్‌కు ఒకటి, రాత్రి భోజనానికి ఒకటి మార్చేటోళ్లు. పెద్ద పెద్ద ట్రంకు పెట్టెలు తెచ్చుకునేటోళ్లు, ప్రయాణంల కావాల్సిన పెట్టెలకు ఒక చీటీ, అక్కర్లేని వాటికి ఇంకో చీటీ అంటిస్తే అక్కర్లేనివి కిందికి గోడౌన్‌లకు పోయేవి. మొదటి రాత్రి పెట్టెలు ఇంకా విప్పి ఉండరు, ఆఖరి రాత్రికి సర్దేసి ఉంటరు, అందుకని ఆ రెండు రాత్రులు ఫార్మల్ బట్టలు వద్దనే ఆచారం అప్పుడే పుట్టింది, ఇయ్యాల్టికి కూడా చాలావరకు ఫార్మల్ నైట్ ఆ రెండు రాత్రులు పెట్టరు. 1958ల జెట్ విమానాలు అట్లాంటిక్ దాటుడు మొదలైనంక షిప్పుల మీద ప్రయాణం చేసేటోళ్లు తగ్గిపోయిన్రు, కంపెనీలు షిప్పును రవాణా నుంచి హాలిడేకు మార్చుకున్నయి, ఆ మార్పుల పాత దర్జా గుర్తుగ ఈ సాయంత్రం భోజనం డ్రెస్ ఒక్కటి మిగిలింది.

ఇప్పుడు అది కూడా సడలిపోయింది. నార్వీజియన్ అనే క్రూజ్ కంపెనీ 2000ల ఫ్రీస్టైల్ అని పెట్టి ఎవరికి నచ్చినట్టు వాళ్లు రావొచ్చన్నది, సెలెబ్రిటీ అనే ఇంకో క్రూజ్ కంపెనీ వాళ్లు 2015ల ఫార్మల్ నైట్ పేరే తీసేసి ఈవెనింగ్ చిక్ అని పెట్టిన్రు. గట్టిగ పట్టించుకునేది క్యూనార్డ్ లాంటి పాత ఇంగ్లీషు కంపెనీలు, వాళ్ల క్వీన్ మేరీ 2 మీద గాలా ఈవెనింగ్ అంటే మగవాళ్లకు టక్సీడోనో ముదురు రంగు సూటో, టై ఉండాల్సిందే. అయితే వాళ్ల రూల్స్‌ల కూడా నేషనల్ డ్రెస్ ఫార్మల్ కిందికే వస్తది. అంటే పట్టుచీర ఫార్మలే, పెండ్లికి కుట్టించిన షేర్వానీ ఫార్మలే, బంద్‌గలా కోటు ఫార్మలే. చిన్నమ్మకు ఇదే చెప్పిన, గౌను అవసరం లేదు, నీ గద్వాల్ పట్టు తీయి అని. ఇంకొక మాట, ఫార్మల్ నైట్‌కు తయారుకాకపోతే ఆ పూట అన్నం దొరకదని కాదు, చాలా షిప్పులల్ల పైన బఫే తెరిచే ఉంటది, అక్కడ మామూలు డ్రెస్‌ల తినొచ్చు.

మరి కంపెనీలు దీన్ని పూర్తిగ ఎందుకు వదిలిపెట్టలేదు? ఫార్మల్ నైట్ రోజు సాయంత్రం మెట్ల కాడ, లాబీల ఫోటోగ్రాఫర్లు వెనుక తెరలు కట్టుకుని లైన్‌గ నిలబడ్తరు, ఆ ఫోటోలు తర్వాత అమ్ముతరు, ఒక్కో ఫోటో రేటు కూడా గట్టిగనే ఉంటది. అందరు నిగనిగలాడేటట్టు తయారైతేనే కదా ఫోటో కొంటరు. తప్పేం లేదు, జీవితంల ఒకసారి దిగే ఫోటో, నచ్చితే కొనుక్కోవాలె. కానీ ఆ ఒక్క సాయంత్రం కోసం టక్సీడో కొనుడు, అరువు తెచ్చిన అందం కోసం అప్పు చేసుడు వద్దు.

చీరల సంగతిల మన ప్రాంతానికి ఉన్న అదృష్టం ఇంకెవరికి లేదని నమ్మేదాన్ని నేను. ఒక దిక్కు పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక ఇంకో దిక్కు, కిందికి పోతే గద్వాల్, నారాయణపేట. అయితే షిప్పుకు అన్నీ పనికిరావు, ఇక్కడ షిప్పు అడిగేది మొదలైతది. షిప్పుల ఇస్త్రీ పెట్టె, బట్టలకు ఆవిరి పట్టే స్టీమర్ తీస్కరానియ్యరు, బ్యాగ్ స్కానింగ్‌ల దొరికితే తీసి పక్కన పెట్టి దిగేటప్పుడు ఇస్తరు. సముద్రం నడుమ నిప్పు అంటుకుంటే పారిపోయే జాగ లేదు, అందుకే షిప్పు వాళ్లు దేనికన్నా ఎక్కువ భయపడేది నిప్పుకే, కొవ్వొత్తులు కూడా నిషేధం. కొన్ని షిప్పులల్ల లాండ్రీ రూమ్‌ల ఇస్త్రీ వసతి ఉంటది, లేని వాటిల పైసలిచ్చి చేయించుకోవాలె. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నారాయణపేట కాటన్ సూట్‌కేస్‌ల రెండు రోజులుంటే దాని మడతలు పోగొట్టుడు అక్కడ మన చేతుల లేదు. పోచంపల్లి పట్టు, గద్వాల్ పట్టు, లేకుంటే క్రేప్, జార్జెట్ తీస్కపోతే హ్యాంగర్‌కు తగిలించి రాత్రంతా ఉంచితే చాలావరకు సాఫ్ అయితది, వేడి నీళ్ల స్నానం చేసేటప్పుడు బాత్రూమ్‌ల తలుపు వెనుక తగిలిస్తే ఆ ఆవిరికి ఇంకా నయమైతది. నారాయణపేట గళ్ల చీర పడుకునేటప్పుడు, ఎండల ఊరు తిరిగేటప్పుడు హాయి, దాన్ని అట్ల వాడుకోవాలె.

క్యాబిన్ గోడలు చాలావరకు ఇనుపవి, అందుకే క్రూజ్ పోయేటోళ్లు అయస్కాంతం కొక్కేలు కొంటరు, టోపీలు, తడి బట్టలు, హ్యాండ్‌బ్యాగ్ గోడకే తగిలించుకోనీకి. నూరు రెండొందల రూపాయల వస్తువు, ఇది మాత్రం కొనాల్సిందే, ఎందుకంటే ఆ రూమ్‌ల బట్టలు పెట్టుకునే జాగ చాలా తక్కువ.

ఇగ గాలి. పెద్ద షిప్పు 20 నాట్ల స్పీడ్‌ల పోతది, అంటే గంటకు దాదాపు 37 కిలోమీటర్లు, దానికి ఎదురుగాలి ఇంకో ముప్పై కలిస్తే పై డెక్ మీద నిలబడుడంటే నార్కట్‌పల్లి హైవే మీద బైక్ వెనుక కూసున్నట్టే. చున్నీ ఎగిరిపోతది, కొంగు ముఖానికి కొడ్తది, లూజు స్కర్ట్ అయితే ఇంక చెప్పొద్దు. క్రూజ్ కోసమని అమ్మే టోపీలకు గడ్డం కింద తాడు ఎందుకుంటదో, బట్టకు పట్టుకునే టోపీ క్లిప్పులు ఎందుకున్నయో డెక్ మీద ఒక్క నిమిషం నిలబడితే తెలుస్తది. చీర కట్టుకునేటోళ్లు కొంగు మడతలు పెట్టి భుజానికి పిన్ను పెట్టుకోవాలె, కుచ్చిళ్లకు ఒకటి లోపల, వీలైతే చీర కింద లెగ్గింగ్ వేసుకోవాలె. లేకుంటే డెక్ మీదికి పంజాబీ డ్రెస్సే నయం, చున్నీ అడ్డంగ వేసి రెండు దిక్కుల పిన్ను పెట్టుకుంటే సరిపోతది.

ఎండకు తలకు కట్టుకునే బట్ట అంటే నాకు పుట్టపాక తేలియా రుమాలే గుర్తొస్తది. సముద్రం మీదికి పోయే బట్టలు మనకు కొత్త అనుకుంటరు గని, తేలియా రుమాళ్లు పాతకాలంలనే చీరాల దిక్కు నుంచి షిప్పుల మీద అరబ్ దేశాలకు పోయేవి, అక్కడ మగవాళ్లు తలకు చుట్టుకునేటోళ్లు, ఇక్కడ చేపలు పట్టేటోళ్లు కట్టుకునేటోళ్లు. నూలును నూనెల, ఆముదం కాయల బూడిద నీళ్లల్ల మళ్ల మళ్ల నానబెట్టి ఆరబెడ్తరు, రోజులకొద్దీ పడ్తది, ఆ నూనె వల్ల బట్ట మెత్తగ ఉంటది, ఎండల చల్లగ ఉంటదని చెప్తరు. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడు రంగులే. చీరాలల తగ్గిపోయిన ఆ పని పాత నల్గొండ జిల్లా పుట్టపాకల నిలబడింది, 2020ల జీఐ గుర్తింపు కూడా వచ్చింది. సముద్రం మీద తల కప్పుకోనీకి ఇంతకన్నా మంచి దుపట్టా ఏ దేశంల కొంటరు?

చెప్పుల కాడికొస్తే బోట్ షూ అని ఒకటి ఉన్నది, లెదర్‌ది, చుట్టూ తాడు ఉంటది, కింద సోలు తెల్లగ ఉంటది. అమెరికాల కనెక్టికట్ రాష్ట్రంల పాల్ స్పెర్రీ అనే ఆయన 1935ల దీన్ని తయారు చేసిండు. మంచు మీద ఉరికే తన కుక్క జారకపోవుడు చూసి, దాని పాదాల కింద ఉన్న గీతల లెక్క రబ్బరు సోలుకు సన్న సన్న కోతలు పెట్టిండు, తడి డెక్ మీద ఆ కోతలు పట్టు ఇస్తయి. సోలు తెల్లగ ఎందుకంటే నల్ల రబ్బరు డెక్ మీద మరకలు పెడ్తది. ఇప్పటి పెద్ద షిప్పులల్ల అది కంపల్సరీ కాదు, ఫ్యాషన్‌గ వేసుకుంటరు. కానీ దాని వెనుకున్న తెలివి ఇప్పటికీ అవసరమే, పూల్ చుట్టూ ఎప్పుడు తడే ఉంటది, అరిగిపోయిన హవాయి చెప్పులతోని ఆ తడి మీద నడుచుడు పెద్ద వయసు వాళ్లకు ప్రమాదం, వెనుక పట్టీ ఉన్న గట్టి సాండల్స్ మంచివి. హీల్స్ అయితే ఊగే షిప్పుల మెట్లు దిగేటప్పుడు కాలు మడత పడ్తది, ఫార్మల్ నైట్‌కు కూడా ఫ్లాట్ చెప్పులే వేసుకోవాలె.

పూల్‌ల దిగాల్నంటే స్విమ్మింగ్ బట్టలే ఉండాలంటరు, దీనికి మన ఆడవాళ్లు చాలా ఇబ్బంది పడ్తరు. కాటన్ చుడీదార్‌తోని ఎందుకు దిగొద్దంటే కాటన్ నీళ్లు పీల్చి బరువైతది, ఈదేటప్పుడు కిందికి గుంజుతది, దాని నూగు పోయి ఫిల్టర్‌ల ఇరుకుతది. దీనికి బికినీనే వేసుకోవాల్నని ఏం లేదు. చేతులు, కాళ్లు పూర్తిగ కప్పే నైలాన్, లైక్రా స్విమ్ సూట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌ల మస్తు దొరుకుతయి, రాష్ గార్డ్ అనే ఫుల్ హ్యాండ్స్ స్విమ్మింగ్ అంగీ, దాని కింద లెగ్గింగ్ లాంటిది వేసుకోవచ్చు, ఎండ కూడా కొట్టదు. ఇది షిప్పు అడిగే వస్తువు, కొనండి. పూల్ నుంచి తడి బట్టలతోని, చెప్పులు లేకుండ డైనింగ్ హాల్‌కు రానియ్యరు, అందుకే పైన వేసుకునే కవరప్ అనే లూజు అంగీ ఒకటి లిస్ట్‌ల ఉంటది, మన కాటన్ కుర్తా ఆ పని చక్కగ చేస్తది.

మెడల లాన్‌యార్డ్ ముచ్చట చిన్నదే. షిప్పుల నగదు నడవదు, ఎక్కేటప్పుడు ఒక కార్డు ఇస్తరు, రూమ్ తాళం అదే, షాప్‌ల బిల్లు అదే, ఒడ్డుకు దిగి మళ్ల ఎక్కేటప్పుడు గుర్తింపు అదే. స్విమ్మింగ్ బట్టలకు జేబులుండవు, అందుకే మెడల వేసుకుంటరు. ప్రిన్సెస్ కంపెనీ 2017ల బిళ్ల సైజు మెడాలియన్ తెచ్చింది, దాన్ని పట్టుకుని తలుపు దగ్గరికి పోతే తాళం అదే తెరుచుకుంటది. పిల్లలకు లాన్‌యార్డ్ వేస్తే గుంజితే ఊడే క్లిప్పు ఉన్నది వేయాలె, ఆటల్ల దేనికన్నా ఇరికితే మెడకు బిగుసుకుంటది.

చేతికి వేసుకునే సీ బ్యాండ్ మీద అందరికి ఆశ ఎక్కువ. బట్ట పట్టీ మీద ఒక ప్లాస్టిక్ గుండీ ఉంటది, చెయ్యి లోపలి దిక్కు, మణికట్టు నుంచి మోచెయ్యి దిక్కు మూడు వేళ్ల దూరంల, నరాల లెక్క తగిలే రెండు స్నాయువుల నడుమ ఆ గుండీ ఒత్తాలె, ఆక్యుప్రెషర్‌ల దాన్ని పీ6 పాయింట్ అంటరు. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు ఆ పాయింట్ మీద చేసిన పరీక్షలల్ల మంచి ఫలితాలు వచ్చినయి, షిప్పు ఊగుడుకు చేసిన వాటిల మాత్రం ఒక్కో పరీక్ష ఒక్కో తీరు చెప్పింది, గట్టి రుజువు లేదు. వాంతులు ఎందుకంటే, రూమ్‌ల కూసుంటే కళ్లకు గోడలు కదలవు గని చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగానికి ఊగుడు తెలుస్తది, రెండింటి నడుమ పొంతన కుదరక కడుపు తిప్పుతది. డెక్ మీదికి పోయి దూరంగ ఆకాశం, సముద్రం కలిసే గీత చూస్తే చాలామందికి తగ్గుతది. బుక్ చేసేటప్పుడే షిప్పు నడుమ, కింది అంతస్తుల రూమ్ తీస్కుంటే ఊగుడు తక్కువ. సీ బ్యాండ్ హాని చేయదు, వేసుకోవచ్చు, కానీ దాని మీదనే భారం వేయొద్దు, మందు బిళ్ల డాక్టర్‌ను అడిగి వెంట పెట్టుకోవాలె. అమెరికాల చెవి వెనుక అంటించే స్కోపోలమిన్ ప్యాచ్ వాడ్తరు, మూడు రోజులు పనిచేస్తది, కానీ గ్లకోమా అనే కంటి జబ్బు కొన్ని రకాలది ఉన్నోళ్లకు అది ముప్పు, పెద్ద వయసు వాళ్లకు మతి తికమక కావొచ్చు. పక్క క్యాబిన్ వాళ్లు ఇచ్చిన్రు కదా అని అమ్మానాయనలకు అంటించొద్దు, ఇది మరీ మరీ చెప్తున్న.

నీలం తెలుపు చారల టీషర్టులు, లంగరు బొమ్మలు, తెల్ల ప్యాంట్లు, ఇవి షిప్పు అడిగేవి కావు. చారల బనియన్ ఫ్రాన్స్ నౌకాదళంది, 1858ల ఆర్డర్ తీసి తెల్ల చారలు 21 అని, ఒక్కోటి 20 మిల్లీమీటర్లని, నడుమ నీలం చార 10 మిల్లీమీటర్లని లెక్క పెట్టి యూనిఫామ్ చేసిన్రు. మన దగ్గర చిన్న పిల్లలకు కుట్టే సెయిలర్ కాలర్ అంగీ కూడా అట్లాంటిదే, 1846ల ఇంగ్లండ్ యువరాజు నాలుగేండ్ల పిల్లగాడు నావికుల డ్రెస్ వేసుకున్నడు, ఆ బొమ్మ గీయించిన్రు, అప్పటిసంది యూరప్ పిల్లలందరికి పాకింది. ఇక పెద్ద ఫ్యాషన్ కంపెనీలు క్రూజ్ కలెక్షన్ అని ఒకటి తీస్తయి, మొదట్ల అది చలికాలంల వెచ్చటి సముద్రాల దిక్కు పోయే ధనవంతుల కోసం, ఇప్పుడు కొనేటోళ్లల్ల ఎక్కువమంది షిప్పు ముఖం కూడా చూడరు. 2018ల షనెల్ కంపెనీ ఆ షో కోసం పారిస్‌ల ఒక పెద్ద హాలు లోపలనే షిప్పు సెట్టు కట్టింది. క్రూజ్ అనే లేబుల్ చూసి డబల్ రేటు పెట్టొద్దు అని చెప్పనీకే ఇదంతా.

ఫ్యామిలీ టీషర్టులు, వైట్ పార్టీ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 2024ల మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ లాంటి షిప్పుల నిండుగ ఉంటే ఏడు వేలకు పైన ప్రయాణికులు పడ్తరు, అంత మందిల ఒకటే రంగు ఉంటే మనోళ్లు దూరం నుంచి దొరుకుతరు, నల్గొండల ఏ ప్రింటింగ్ షాప్‌కు పోయినా చేసిస్తరు. తెల్ల బట్టలకు బాపు వేసుకునే తెల్ల లుంగీ, తెల్ల షర్టు చాలు.

చట్టం ముచ్చట మాత్రం సీరియస్. మన పోరగాళ్లు వేసుకునే మిలటరీ ప్రింట్ కార్గో ప్యాంట్లు, టోపీలు, బ్యాగులు కరేబియన్ దీవులల్ల చాలా చోట్ల నిషేధం. బార్బడోస్, జమైకా, సెయింట్ లూషియా, ఆంటిగ్వా, ట్రినిడాడ్ ఇట్లాంటి దేశాలల్ల ఆ డిజైన్ సైన్యం వాళ్లకే, మామూలోళ్లు వేసుకుంటే నేరం, చిన్న పిల్లలకైనా అంతే, గులాబీ రంగు కామోఫ్లాజ్ అయినా పట్టుకోవచ్చు. షిప్పు దిగేటప్పుడే వెనక్కి పంపిస్తరు. దుబాయ్, అబుదాబి దిక్కు క్రూజ్ అయితే అబుదాబిల ఉన్న షేక్ జాయెద్ మసీదుల ఆడవాళ్లు జుట్టు కప్పుకోవాలె, కాళ్లు మడమల దాకా, చేతులు మణికట్టు దాకా కప్పి ఉండాలె. మనకు చున్నీ ఉండనే ఉంటది కాబట్టి దీనికి ఇబ్బంది లేదు.

అలాస్కా లెక్క వేరే. ఎండాకాలంల కూడా పగలు పది నుంచి పద్దెనిమిది డిగ్రీలే, జూనో, కెచికన్ ఊర్లల్ల వానలు బాగ పడ్తయి. ఒకటే లావు స్వెట్టర్ కన్నా లోపల ఒక సన్న బనియన్, మీద ఫ్లీస్ అనే మెత్తటి వెచ్చటి అంగీ, దాని మీద వాన జాకెట్, ఇట్ల పొరలు పొరలుగ వేసుకుంటే తీసుడు వేసుడు సులువు. మంచు కొండలు చూడనీకి గంటలు గంటలు డెక్ మీద నిలబడ్తరు, అక్కడ మన మంకీ క్యాప్‌కు మించింది లేదు, పిల్లలు నామోషీ అన్నా సరే వేసుకోండి.

ఇగ ఫోటోలకు ఎవరు వేసుకోరు గని నిజంగ అవసరమైంది లైఫ్ జాకెట్. 1912ల టైటానిక్ మునిగినంక 1914ల షిప్పుల భద్రత మీద దేశాల ఒప్పందం మొదలైంది. 2012 జనవరిల ఇటలీ కాడ కోస్టా కాంకార్డియా అనే క్రూజ్ షిప్పు ఒరిగి 32 మంది చనిపోయిన్రు, ఆ రోజే ఎక్కిన కొందరికి డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఏం చేయాల్నో నేర్పే ప్రాక్టీసు, ఇంకా కాలేదు. దాని తర్వాత షిప్పు కదలకముందో, కదిలిన వెంబడో డ్రిల్ చేయాల్నని రూల్ మార్చిన్రు. జాకెట్‌కు విజిల్, లైటు, మెరిసే పట్టీ ఉంటయి, స్పృహ తప్పినా ముఖం పైకి ఉండేటట్టు దాని ఆకారం చేస్తరు. చీర మీద వేసుకునేటప్పుడు కొంగు నడుముకు చుట్టి దోపాలె, పట్టీలు కొంగు కిందికెళ్లి కాకుండ దాని పైన బిగించాలె, హీల్స్ విప్పాలె. నాగార్జునకొండకు పోయే లాంచీల, సోమశిల నుంచి శ్రీశైలం పోయే లాంచీల జాకెట్ ఇస్తే ఉక్కపోస్తుందని ఒడిల పెట్టుకుంటరు చాలామంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు కాడ గోదావరిల బోటు మునిగి పదుల మంది పోయిన్రు, చాలామంది ఒంటి మీద జాకెట్ లేకుండె. నదైనా సముద్రమైనా పట్టీ బిగించుకునే కూసోవాలె.

సర్దుకునే కాడ రెండు సంగతులు. ఎక్కే రోజు పెద్ద సూట్‌కేస్ పోర్టుల వాళ్లకు అప్పజెప్తే రూమ్‌కు వచ్చేసరికి సాయంత్రం కావొచ్చు, అందుకే బీపీ, షుగర్ బిళ్లలు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు, స్విమ్మింగ్ డ్రెస్ చేతి సంచిల ఉండాలె. దిగే ముందటి రాత్రి సూట్‌కేస్ తలుపు బయట పెట్టమంటరు, అర్ధరాత్రికల్లా తీస్కపోతరు, పొద్దున్నే అది పోర్టుల దొరుకుతది. రేపు వేసుకునే బట్టలు, లోపలి బట్టలు, చెప్పులు అన్నీ దాంట్లనే సర్దేసి పడుకుంటే పొద్దున నైటీ మీదనే దిగాల్సొస్తది, కాబట్టి ఆ జత ముందే తీసి అయస్కాంతం కొక్కేనికి తగిలించి పెట్టుకోండి.